హీర్‌కు విషం పెట్టిందెవరు?

ప్రేమికులు చనిపోయే కథలంటే మనకు మహా ఇష్టం. 1949లో భానుమతీ, నాగేశ్వరరావూ నటించిన ‘లైలామజ్ను’ చూసి తెలుగునాట ముస్లిములూ ఏడ్చారు, హిందువులూ ఏడ్చారు. 1955లో ‘అనార్కలి’ వస్తే మళ్లీ ఏడ్చారు. ఏడవడం తప్పు కాదు. కాని ఆ ఏడుపులో ఒక సుఖం ఉంది. చనిపోయినవాళ్ల కోసం దుఃఖపడితే చాలు, చంపినవాళ్లను లెక్క అడగక్కర్లేదు. ‘ఖిస్మత్’ అనుకుంటే సరిపోతుంది. ‘ఇష్క్ అంటే అంతేలే’ అనుకున్నా సరిపోతుంది.

ఈ కథల్లో ఉండేది కుర్రవాళ్లిద్దరే కాదు. తండ్రి ఉంటాడు, తల్లి ఉంటుంది, చిన్నాన్న ఉంటాడు, అన్నదమ్ములుంటారు, ఖాజీ ఉంటాడు, రాజు ఉంటాడు. ప్రేమించడం ఒక్కటే కుర్రవాళ్ల పని. మిగతా నిర్ణయాలన్నీ పెద్దవాళ్లవి, చావు నిర్ణయంతో సహా. అయినా మన విమర్శ ఆ ప్రేమ ఎంత లోతైనదో కొలుస్తుంది గాని పెద్దల నేరం ఎంతో కొలవదు. ఒక్క కథ విషయంలోనైనా ఆ పని చేసి చూడాలి. అందుకు వారిస్ షా రాసిన ‘హీర్’ను తీసుకుంటున్నాను.

దీన్నే తీసుకోవడానికి కారణం ఉంది. ఇందులో చచ్చినవాళ్లూ ముస్లిములే, చంపినవాళ్లూ ముస్లిములే, రాసిన కవీ ముస్లిమే. తప్పును పొరుగువాడి మీదికి నెట్టే వీలు లేదు. ఇది మన ఇంటి కథ. మన ఇంటి కథను మనం ఎలా చదువుతామన్న దాంట్లోనే మన అస్తిత్వం ఏమిటో బయటపడుతుంది.

వారిస్ షా పంజాబు సయ్యద్. 1766లో మల్కా హాన్స్ అనే ఊళ్లో మసీదును ఆనుకొని ఉంటూ ఈ కావ్యం పూర్తి చేశాడని చెబుతారు. మొఘల్ రాజ్యం కూలిపోతూ, అహ్మద్ షా అబ్దాలీ దండయాత్రలతో పంజాబు అల్లకల్లోలమవుతున్న కాలమది. దేశ విభజన తరువాత కూడా అటు పంజాబులోనూ ఇటు పంజాబులోనూ ఈ కావ్యాన్ని పాడుకుంటూనే ఉన్నారు. 1970లో మన దేశంలో ఒకటి, పాకిస్తాన్‌లో ఒకటి, ఒకే ఏడాది రెండు హీర్ రాంఝా సినిమాలు వచ్చాయి. మన దేశపు సినిమాకు మాటలన్నీ కవిత్వంలోనే రాసింది కైఫీ ఆజ్మీ.

తెలియని పాఠకుల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. చీనాబ్ ఒడ్డున తఖ్త్ హజారా అనే ఊళ్లో మౌజూ చౌదరికి ఎనిమిది మంది కొడుకులు. చిన్నవాడు ధీదో. రాంఝా అనేది వాళ్ల వంశం పేరు. తండ్రి చనిపోయాక అన్నలు ఖాజీకి, పంచాయతీ పెద్దలకు లంచం ఇచ్చి మంచి భూమి తాము తీసుకొని, తమ్ముడికి పనికిరాని బీడు పడేశారు. వదినలు సూటిపోటి మాటలన్నారు. అతను వేణువు పట్టుకుని ఊరు వదిలాడు. ఝంగ్ చేరి, అక్కడి సియాల్ వంశపు పెద్ద చూచక్ కూతురు హీర్‌ను ప్రేమించాడు. ఆమే అతన్ని తండ్రి దగ్గర పశువుల కాపరిగా పెట్టించింది. పన్నెండేళ్లు గేదెలు కాశాడు. హీర్ చిన్నాన్న, కుంటివాడైన కైదో, ఈ సంగతి కనిపెట్టి ఊరంతా చాటాడు. రంగ్‌పూర్ ఖేడాల ఇంటి పిల్లవాడు సైదాకు ఇచ్చి హీర్‌కు బలవంతంగా పెళ్లి చేశారు. రాంఝా జోగి అయి భిక్షాపాత్ర పట్టుకుని రంగ్‌పూర్ వెళ్లాడు. ఆడబిడ్డ సహ్తీ సాయంతో ఇద్దరూ పారిపోయారు, దొరికిపోయారు. చివరికి రాజు హీర్‌ను రాంఝాకే ఇప్పించాడు. ఇద్దరూ ఝంగ్ తిరిగొచ్చారు. ‘పద్ధతిగా బరాత్ తీసుకురా, పిల్లనిస్తాం’ అని సియాళ్లు రాంఝాను ఊరికి పంపి, అతను వెళ్లాక హీర్‌కు విషం పెట్టారు. ఆ వార్త విని రాంఝా కుప్పకూలి ప్రాణం విడిచాడు.

ఇప్పుడు లెక్క తీద్దాం.

మొదటి నేరం ప్రేమ మొదలుకాక ముందే జరిగింది. అది భూమి దగ్గర జరిగింది. ఖాజీ లంచం తీసుకోకుండా ఉంటే రాంఝా తన ఊళ్లో తన వాటా దున్నుకుంటూ బతికేవాడు. అన్నల కక్కుర్తీ, ఖాజీ లంచమూ కలిసి అతన్ని కూలివాణ్ణి చేశాయి. తరువాత సియాళ్లు అతన్ని ‘మా గేదెలు కాసేవాడు’ అని ఈసడించింది ఆ కూలితనం చూసే. అతను జాట్, వాళ్లూ జాట్‌లే. అతను ముసల్మాన్, వాళ్లూ ముసల్మాన్‌లే. మధ్యలో అడ్డు నిలిచింది మతం కాదు, అంతస్తు. ఆ అంతస్తు పోగొట్టింది పెద్దలే, పోయిందని ఎత్తిపొడిచిందీ పెద్దలే.

రెండోది చూచక్ ఇంటి సంగతి. చూచక్ క్రూరుడు కాదు. కూతురంటే ప్రేమ ఉన్నవాడే. బిరాదరీ ఏమంటుందో అన్నదే అతని భయం. ఊళ్లో మాట పడగానే రాంఝాను పనిలోంచి తీసేశాడు. తీరా గేదెలు ఎవరి మాటా వినకపోయేసరికి తల్లి మల్కీ నచ్చజెప్పి అతన్ని వెనక్కి పిలిపించింది. ఇక్కడ ఆగి చూడాలి. గేదెలు కాయడానికి అతను కావాలి. కూతురికి మాత్రం అక్కర్లేదు. చాకిరీకి పనికొచ్చిన మనిషి సంబంధానికి పనికిరాలేదు. పన్నెండేళ్ల చాకిరీ తీసుకున్న ఇల్లు అతనికి బాకీ పడింది. ఆ బాకీ ఎగ్గొట్టడానికి ఇజ్జత్ అనే మాట అక్కరకొచ్చింది. ఇజ్జత్ కింద ఎప్పుడూ ఏదో ఒక ఆస్తి లెక్క దాగి ఉంటుందని వారిస్ షాకు బాగా తెలుసు.

కైదో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫకీరు వేషం వేసుకుని అడవికి వెళ్లి, రాంఝా దగ్గర హీర్ పెట్టిన చూరీ ముద్దను భిక్షగా అడుక్కుని, దాన్నే సాక్ష్యంగా తెచ్చి పంచాయతీలో పెట్టాడు. ఆకలిగొన్నవాడికి పెట్టిన తిండిని సాక్ష్యం చేసినవాడు కైదో. హీర్ స్నేహితురాళ్లు అతన్ని కొట్టి గుడిసె తగలబెట్టారు. ప్రతి పాఠకుడికీ అక్కడ హాయిగా ఉంటుంది. కాని ఈ హాయిలోనే ఒక ప్రమాదం ఉంది. నేరమంతా ఒక కుంటివాడి మీద వేసి మిగతా పెద్దమనుషుల్ని వదిలేస్తాం. కైదో మాట వినడానికి ఎవరూ సిద్ధంగా లేకపోతే కైదో ఏం చేయగలడు? అతను వేగు మాత్రమే. వేగు తెచ్చిన మాటను తీర్పుగా మార్చింది చూచక్ ఇల్లు, సియాళ్ల బిరాదరీ.

అన్నిటికన్నా పెద్ద సన్నివేశం హీర్‌కూ ఖాజీకీ మధ్య జరిగే వాదం. నా దృష్టిలో కావ్యానికి గుండెకాయ అదే. పెళ్లి సిద్ధమయింది, ఖేడాల బరాత్ వచ్చింది, హీర్ ఒప్పుకోలేదు. ఖాజీ నచ్చజెప్పాడు, నరకం గురించి చెప్పి భయపెట్టాడు, షరియత్ పేరు చెప్పి గద్దించాడు. హీర్ తిరిగి షరియత్‌తోనే సమాధానం చెప్పింది. తన నిఖా అల్లా దగ్గరే ఎప్పుడో అయిపోయిందనీ, ఒకసారి అయిన నిఖా మీద మరో నిఖా చేయడం ఏ దీన్‌లో ఉందనీ నిలదీసింది. ఆమె మతాన్ని కాదనలేదు. మతం పట్ల ఖాజీ కన్నా ఆమెకే ఎక్కువ పట్టింపు ఉంది. వాదంలో ఓడిపోయిన ఖాజీ ఏం చేశాడు? ఆమె ఒప్పుకోకుండానే నిఖా కట్టి డోలీ ఎక్కించాడు.

ముస్లిమేతర పాఠకులకు ఇక్కడ ఒక వివరం చెప్పాలి. నిఖా ఒక ఒప్పందం. ఒకరు అడగాలి, ఇంకొకరు ‘కబూల్’ అనాలి. పెద్ద పిల్ల అనుమతి లేకుండా ఆమె నిఖా చేయకూడదు. ఖన్సా బింత్ ఖిదామ్ అనే అన్సారీ స్త్రీకి తండ్రి ఇష్టం లేని మారు పెళ్లి చేస్తే, ఆమె వెళ్లి చెప్పుకున్నాక ప్రవక్త ఆ పెళ్లిని రద్దు చేశారని బుఖారీ హదీసుల్లో ఉంది. స్త్రీలను బలవంతాన వారసత్వపు సొమ్ములా పట్టుకోవడం తగదని ఖురాన్ నిసా సూరాలో ఉంది. పంజాబులోనైనా తెలుగునాటనైనా ముస్లిముల్లో ఎక్కువ మంది పాటించే హనఫీ పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేసింది. యుక్తవయసు వచ్చిన స్త్రీ తన నిఖా తనే చేసుకోవచ్చని చెప్పింది. అయితే ఆ హనఫీ పద్ధతే ‘కుఫూ’ అనే మాట చెప్పి, అంతస్తు సరితూగకపోతే వలీ అభ్యంతరం చెప్పుకోవచ్చని ఒక తలుపు తెరిచి ఉంచింది. ఖాందాన్‌లన్నీ ఆ తలుపులోంచే లోపలికి వచ్చాయి. మన దగ్గర సయ్యద్‌లు, పఠాన్‌లు దూదేకుల ఇంటి సంబంధం అనగానే ముఖం తిప్పుకునేదీ ఆ తలుపు దగ్గరే.

మన ఇళ్లలో నిఖా చూసినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. వకీలూ, ఇద్దరు సాక్షులూ లోపలి గదికి వెళ్తారు. పిల్ల ముసుగులో తల వంచుకుని ఉంటుంది. మెహర్ ఎంతో చెప్పి ఒప్పుకున్నావా అని అడుగుతారు. పిల్ల నోరు విప్పేలోపే పక్కనున్న ఆడవాళ్లు ‘హా అన్నది, హా అన్నది’ అంటారు. చాలా పెళ్లిళ్లలో పిల్లకు ఇష్టమే ఉంటుంది కాబట్టి అది ముచ్చటగా ఉంటుంది. ఇష్టం లేని పిల్ల ఉన్న గదిలో ఆ ముచ్చటే ఉరితాడు. పిల్ల మౌనాన్ని అంగీకారంగా తీసుకోమన్నది ఆమె సిగ్గును గౌరవించడానికి. ఆ వెసులుబాటును పెద్దవాళ్లు ఆమె నోరు నొక్కడానికి వాడుకున్నారు. హీర్ గొప్పతనం ఏమిటంటే ఆమె మౌనంగా లేదు. గట్టిగా కాదన్నది. అయినా ఖాజీ చెవికి అది ‘హా’ అనే వినపడింది.

ఇక రాజు. పారిపోయి దొరికిన ఇద్దరినీ అదలీ రాజు ముందు నిలబెట్టారు. అక్కడా ఒక ఖాజీ ఉన్నాడు. హీర్‌ను ఖేడాలకే అప్పగించమన్నాడు. ఏడుస్తూ వాళ్లు పెట్టిన శాపానికి నగరం అంటుకుంది. అప్పుడు రాజు భయపడి తీర్పు మార్చాడు. ఇందులో మహిమ సంగతి అలా ఉంచి ప్రభుత్వం సంగతి చూడండి. ఇద్దరు మనుషుల మొర వింటే కదలని సింహాసనం తన ఊరు కాలితే కదిలింది. కదిలిందైనా ఎంతవరకు? తీర్పు చెప్పి ఊరుకుంది. ఆ తీర్పు వచ్చాక ఆ పిల్ల పుట్టింట్లో బతికి ఉంటుందా లేదా అని చూసినవాడు లేడు.

చివరి నేరం విషం కన్నా ముందే మొదలయింది. అది ఇచ్చిన మాటలో ఉంది. ‘వెళ్లి బరాత్ తీసుకురా’ అన్నారు సియాళ్లు. ఒక కుర్రవాడు పెద్దల మాట నమ్మాడు. పన్నెండేళ్లు చాకిరీ చేయించుకుని మోసగించిన ఇంటి మాటనే మళ్లీ నమ్మాడు. ఎందుకంటే అతనికీ హీర్‌కూ పెద్దల ఆశీస్సు కావాలి. ఈ ప్రేమికులు పెద్దల్ని ధిక్కరించారని అంటారు గాని, నిజానికి వాళ్ల ప్రాణం తీసింది ధిక్కారం కాదు. రాజు తీర్పు చేతిలో ఉండగా ఎటైనా వెళ్లిపోవచ్చు. పద్ధతిగా పెళ్లి చేసుకోవాలని, నలుగురిలో తలెత్తుకుని బతకాలని తిరిగొచ్చారు. పెద్దల మీది గౌరవమే వాళ్లను చంపింది. కైదో పోరు పెట్టాడు, సియాళ్లు కూడబలుక్కున్నారు, విషం పెట్టారు. ఏ చెయ్యి పెట్టిందో తేల్చడం కష్టం. అందరూ తలా కాస్త పెట్టారు. అందుకే ఎవరికీ తాము హంతకులమని అనిపించలేదు.

ఇంత స్పష్టంగా కవి రాసి పెట్టినా మనం ఎందుకు చూడలేదు? చూడకుండా ఉండటానికి రెండు రకాల చదువులు మనకు తోడ్పడ్డాయి.

మొదటిది సూఫీ చదువు. హీర్ అంటే రూహ్, రాంఝా అంటే దేహం, జోగి బాల్‌నాథ్ అంటే పీరు, కైదో అంటే సైతాను, ఖాజీ అంటే హక్ అని కావ్యం చివర ఒక తాళంచెవి లాంటి భాగం ఉంది. అది వారిస్ షాది కాదనీ తరువాత ఎవరో చేర్చారనీ కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఎవరిదైనా దాని పని ఏమిటో చూడండి. పిల్ల కాదన్నా నిఖా కట్టిన ఖాజీ అందులో హక్ అయిపోయాడు. విషం పెట్టి చంపడం ఆత్మ దేహాన్ని వీడటం అయిపోయింది. సూఫీ భావన మీద నాకు కోపం లేదు. దర్గాలూ ఖవ్వాలీలూ లేని ముస్లిం జీవితం మన తెలుగు నేల మీద ఊహించలేం. ప్రాణం పోగొట్టుకున్న ఆడపిల్లను ఆత్మ అని పిలిచి, ఆమె ప్రాణం తీసినవాళ్లను తాత్త్విక సూత్రాలుగా మార్చేయడం మీదే నా కోపం. ఝంగ్‌లో ‘మాయీ హీర్’ సమాధి ఉంది. ఇద్దరూ అక్కడే ఉన్నారని జనం నమ్ముతారు, మొక్కుకుంటారు. బతికి ఉన్నప్పుడు వంశానికి మచ్చ అయిన పిల్ల చచ్చాక అదే నేల మీద మాయీ అయింది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. షేక్స్‌పియర్ ‘రోమియో జూలియట్’లోనూ అంతే. జూలియట్‌కు పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇష్టం లేని పెళ్లి చేసుకోకపోతే వీధిలోకి గెంటేస్తానన్నాడు తండ్రి. పెంచిన దాదీ అవసరానికి మాట మార్చింది. రహస్యంగా పెళ్లి చేసిన మతగురువు సమాధి గదిలో అలికిడి వినగానే పిల్లను వదిలి పారిపోయాడు. ఆ తరువాత రెండు కుటుంబాల తండ్రులూ చేతులు కలిపి పిల్లలకు బంగారు విగ్రహాలు చేయిస్తామన్నారు. అక్కడ విగ్రహం, ఇక్కడ సమాధి. పిల్లలు బతికి ఉండగా ఇవ్వలేనిది చచ్చాక ఇవ్వడంలో పెద్దలు ఎక్కడైనా ఉదారంగానే ఉంటారు.

రెండోది లౌకికవాద మిత్రుల చదువు. వాళ్లు హీర్‌ను ‘మతాలకు అతీతమైన ప్రేమ’ అంటారు. ఇందులో రెండు మతాలే లేనప్పుడు అతీతం ఏమిటి? ముస్లిముల కథ అనగానే మతం తప్ప మరేమీ కనపడకపోవడం ఒక అలవాటు. అదే అలవాటు ఇంకాస్త ముదిరితే ‘చూశారా, వాళ్ల ఖాజీలు ఎలాంటివాళ్లో’ అనే దాకా వెళ్తుంది. భూమి తగాదా, కూలి మోసం, బిరాదరీ, అంతస్తు ఇవేవీ కనపడవు. అదే కథ రెడ్ల ఇంట్లోనో కమ్మల ఇంట్లోనో జరిగితే ఇవన్నీ కనపడతాయి. అప్పుడు దాన్ని భూస్వామ్యం అంటారు, కులం అంటారు. మన ఇంట్లో జరిగితే మాత్రం ఇస్లాం అంటారు. మన అభ్యంతరం ఈ తేడా మీదే.

ఈ కథకు ఇంకో ముగింపు ఉంది. వారిస్ షా కన్నా చాలా ముందు, అక్బర్ కాలపు కవిగా చెప్పే దామోదర్ అనే హిందువు పంజాబీలో మొట్టమొదట హీర్ రాశాడు. అందులో ప్రేమికులు చావరు. ఇద్దరూ కలిసి మక్కా దారి పడతారు. ఒక హిందువు ముస్లిం ప్రేమికులను మక్కా పంపించి బతికించాడు. రెండు వందల ఏళ్ల తరువాత ఒక సయ్యద్ తన సమాజాన్ని చూసి, వాళ్లను బతకనివ్వరని రాశాడు. ఇద్దరూ ప్రేమించి రాసినవాళ్లే. ఒకే కథ రెండు రకాలుగా ముగిసిందంటే చావు రాసిపెట్టి లేదన్నమాట. చూచక్ ఒక్క మాట మీద నిలబడి ఉంటే, ఖాజీ ఒక్క ‘కాదు’ను కాదుగా విని ఉంటే, కథ దామోదర్ దారిలో పోయేది. ఖిస్మత్ అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

ఆ పంజాబులోనే హీర్ అడిగిన ప్రశ్న 1997లో లాహోర్ హైకోర్టు ముందుకొచ్చింది. యుక్తవయసు వచ్చిన ముస్లిం స్త్రీ వలీ అనుమతి లేకుండా చేసుకున్న నిఖా చెల్లుతుందా అన్నది ప్రశ్న. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు చెల్లుతుందన్నారు. హీర్ గెలవడానికి రెండు వందల ముప్పై ఏళ్లు పట్టింది, అదీ ఒక్క ఓటు తేడాతో. 2016లో ముల్తాన్‌లో సోషల్ మీడియాలో పేరుపొందిన ఖందీల్ బలోచ్‌ను సొంత తమ్ముడే గొంతు నులిమి చంపాడు. ఇజ్జత్ కోసమన్నాడు. ఇంటివాళ్లు క్షమించేస్తే ఇలాంటి హంతకులు తేలిగ్గా బయటపడకుండా ఆ ఏడాదే పాకిస్తాన్ పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2019లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2022లో తల్లి క్షమించిందని, సాక్షులు మాట మార్చారని వార్తలు రాగా హైకోర్టు అతన్ని విడిచిపెట్టింది. చంపినదీ ఇల్లే, క్షమించినదీ ఇల్లే. ఇది సియాళ్ల పంచాయతీకి ఎంత దూరం?

మనం ఇక్కడ కూర్చుని పంజాబును చూసి నిట్టూర్చనక్కర్లేదు. 2018లో మిర్యాలగూడలో, కులం తక్కువవాణ్ణి చేసుకుందని, ధనికుడైన తండ్రి సుపారీ ఇచ్చి గర్భవతి అయిన కూతురి కళ్లెదుటే ఆమె భర్తను, ఒక దళిత యువకుణ్ణి, చంపించాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. 2022 మే నెలలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, నడిరోడ్డు మీద, ఇంకో దళిత యువకుణ్ణి చంపారు. ఈసారి చంపింది ముస్లిం అన్న. కళ్లెదుట భర్తను కోల్పోయింది ముస్లిం చెల్లెలు. చుట్టూ జనం నిలబడి చూశారు, సెల్‌ఫోన్లలో తీసుకున్నారు.

సరూర్‌నగర్ జరిగినప్పుడు మనలో చాలామంది నోరు కట్టుకున్నారు. ఆ ఇబ్బంది ఎందుకో అర్థమవుతుంది. మన మీద కత్తి కట్టినవాళ్లకు అది పండగ అయింది. మిర్యాలగూడలో ఒక తండ్రి చేసిన హత్య ఆ తండ్రిది. సరూర్‌నగర్‌లో ఒక అన్న చేసిన హత్య మాత్రం కౌమ్ మొత్తానిది. ఇంకోవైపు ఉత్తరప్రదేశ్‌లో 2020లో ఆర్డినెన్సుగా వచ్చి 2021లో చట్టమైన మతమార్పిడి నిరోధక శాసనం, పెళ్లి చేసుకున్న కుర్రవాళ్ల మీద తల్లిదండ్రులకూ రక్తసంబంధీకులకూ ఫిర్యాదు హక్కు ఇచ్చింది. 2024 సవరణ ఆ హక్కు ఎవరికైనా ఇచ్చింది. అంటే కైదో ఇప్పుడు పోలీసు స్టేషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ ముస్లిం కుర్రవాడి ప్రేమ నేరం, ఇక్కడ ముస్లిం అన్న నేరం మతం. ఇలాంటి ఇరకాటంలో ‘మన ఇంటి సంగతి బయట ఎందుకు’ అనిపించడం సహజం.

కాని ఆ మాటను ఒకసారి జాగ్రత్తగా వినండి. ‘ఇంటి సంగతి బయట ఎందుకు’ అన్నది సియాళ్ల మాటే. విషం పెట్టే ముందు వాళ్లు అనుకున్నదీ అదే. బయటివాళ్ల దాడికి భయపడి మనం ఇంట్లో హంతకుణ్ణి దాచుకుంటే, ఆ దాడి చేసేవాళ్లు చెప్పే అబద్ధాన్ని మనమే నిజం చేసినట్టు అవుతుంది. మజ్లిస్ నాయకుడు అసదుద్దీన్ ఒవైసీ సరూర్‌నగర్ హత్యను బహిరంగంగా ఖండించారు. ఆ అమ్మాయి ఇష్టపడి చేసుకుందనీ, అన్నకు చంపే హక్కు లేదనీ, ఇస్లాం దృష్టిలోనూ ఇది ఘోర నేరమనీ అన్నారు. ఆయన రాజకీయాలతో ఎన్ని పేచీలున్నా ఆ మాట సరైన మాట. ఆ మాట నాయకుడు ఒక్కడే అంటే చాలదు. జుమ్మా నాడు మసీదులో ఖుత్బాలో వినపడాలి. పెళ్లి పందిట్లో ఖాజీ నోట వినపడాలి.

అస్తిత్వం గురించి మనం చాలా రాస్తున్నాం. మనల్ని దేశద్రోహులన్న వాళ్లకు జవాబు చెప్పాం, మన భాషను, మన తిండిని, మన పండగలను సాహిత్యంలోకి తెచ్చాం. అది జరగాల్సిందే, ఇంకా జరగాలి. అయితే ముస్లిం అస్తిత్వం అంటే ఒక్క ఖాజీ అస్తిత్వం, ఒక్క చూచక్ అస్తిత్వం కాదు. ఖాజీ ముందు నిలబడి దీన్‌తోనే దీన్ పేరు చెప్పేవాణ్ణి ఎదిరించిన హీర్ కూడా ముస్లిమే. వదిన అని తెలిసీ, ఇంటి పరువు పోతుందని తెలిసీ సాయం చేసిన సహ్తీ కూడా ముస్లిమే. ఈ ఇద్దరినీ పక్కన పెట్టి, ఖాందాన్ పరువు కాపాడేవాడే అసలు ముసల్మాన్ అని మనమే ఒప్పుకుంటే, మన గురించి మన శత్రువులు చెప్పేదీ అదే కదా.

వారిస్ షా సయ్యద్ అయి ఉండి, మసీదు నీడన కూర్చుని, ఖాజీల లంచాన్నీ ముల్లాల కపటాన్నీ పెద్దల మోసాన్నీ దాచకుండా రాశాడు. అందువల్ల ఇస్లాం పరువు పోలేదు. పంజాబు ముస్లిములు ఆయన్ను తమ మహాకవి అనే చెప్పుకుంటున్నారు. మనం ఆ మాత్రం ధైర్యం చేస్తే చాలు. హీర్ చదివి ఏడ్చినప్పుడు, విషం గిన్నె ఎన్ని చేతులు మారిందో కూడా లెక్కపెట్టాలి. ఆ చేతుల్లో మన ఇంటి చేతులు ఉన్నాయేమో చూసుకోవాలి. మన ఇంట్లో పిల్ల ఎవరైనా ‘కాదు’ అంటే, పక్కనున్నవాళ్లు ‘హా అన్నది’ అని చెప్పకముందే, ఆ మాటను విన్నామని సాక్ష్యం చెప్పడానికి కనీసం ఒక్క పెద్దమనిషైనా ఆ గదిలో ఉండాలి. హీర్‌కు లేకపోయింది అలాంటి ఒక్క మనిషే.